ఇంట్లో పూల వోడ్కా సోర్: తరచుగా అడిగే ప్రశ్నలు

బెజవాడలో చేసినా గుంటూరులో చేసినా ఈ కాక్‌టెయిల్ దగ్గర వచ్చే సందేహాలు ఇంచుమించు ఒకటే: ఏ పువ్వు, ఎంత నిమ్మ, నురగ ఎందుకు రాలేదు, చేదు ఎక్కడి నుంచి వచ్చింది. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. ఎక్కడైనా వేరేగా చెప్పకపోతే కొలతలన్నీ ఒక గ్లాసుకి. ఆంధ్రప్రదేశ్‌లో మద్యం కొనాలన్నా తాగాలన్నా 21 ఏళ్లు నిండాలి కాబట్టి ఇదంతా ఆ వయసు దాటినవారి కోసమే.

## మొదలుపెట్టే ముందు

సోర్ అంటే ఏంటండీ? వోడ్కాలో నిమ్మకాయ పిండుకుంటే అదే కదా?

కాదు. సోర్‌లో మద్యం, పులుపు, తీపి మూడూ లెక్క ప్రకారం ఉంటాయి. వాటిని ఐసుతో గట్టిగా ఊపి, చల్లబరిచి, కొంచెం నీరు కలిసేలా చేసి వడగడతారు. తెల్లసొన వేస్తే పైన మీగడలాంటి నురగ కడుతుంది. వోడ్కాకి సొంత రుచి తక్కువ. విస్కీ, రమ్ములు పూల వాసనని మింగేస్తాయి, వోడ్కా మింగదు. పూలకి ఇది నప్పేది అందుకే.

సోది లేకుండా ఒక గ్లాసుకి కొలతలు చెప్పండి.

వోడ్కా 60 మి.లీ., అప్పుడే పిండిన నిమ్మరసం 22 మి.లీ., పూల పాకం 22 మి.లీ., గుడ్డు తెల్లసొన 15 నుంచి 20 మి.లీ., ఉప్పు రెండు రవ్వలు. షేకర్‌లో, అంటే మూత బిగించి ఊపే డబ్బాలో పోసి, ముందు ఐసు లేకుండా 20 సెకన్లు, తర్వాత దాని నిండా ఐసు వేసి 12 నుంచి 15 సెకన్లు ఊపాలి. టీ జల్లెడలోంచి చల్లటి గ్లాసులోకి వడగట్టి, నురగ పైకి తేలేదాకా అర నిమిషం ఆగండి. గ్లాసులోకి దాదాపు 150 మి.లీ. వస్తుంది.

జిగ్గర్ (మద్యం కొలిచే చిన్న కప్పు) లేదు. 22 మి.లీ. ఎలా కొలవాలి?

దగ్గు మందు సీసాతో వచ్చే గీతల మూత ఇంట్లో ఉంటే చాలు, దాని మీద 5, 10 అని గుర్తులు ఉంటాయి. లేదంటే కొలత టీస్పూను 5 మి.లీ., టేబుల్‌స్పూను 15 మి.లీ. నాలుగున్నర టీస్పూన్లు వేస్తే 22 దగ్గరికి వస్తుంది. ఉప్మా తినే చెంచాతో మాత్రం కొలవొద్దు. ఒక్కో ఇంట్లో ఒక్కో సైజు ఉంటుంది, సోర్‌లో 5 మి.లీ. తేడా నాలుకకి ఇట్టే తెలిసిపోతుంది.

షేకర్ కొనాల్సిందేనా?

అక్కర్లేదు. మరమూత ఉన్న స్టీలు నీళ్ల సీసా, మూతి వెడల్పుగా ఉన్నది, 500 మి.లీ. పైన పట్టేది సరిపోతుంది. స్టీలు త్వరగా చల్లబడుతుంది, చేతికి ఆ చల్లదనం తెలుస్తుంది కూడా. గాజు సీసాలో ఐసు వేసి ఊపితే పగిలే ప్రమాదం ఉంది. క్లిప్పు మూతల టిఫిన్ డబ్బా వాడితే నిమ్మరసం చొక్కా మీద పడుతుంది. రెండు గోడల ఫ్లాస్కులో కూడా చేయొచ్చు, కాకపోతే లోపల ఎంత చల్లబడిందో బయటికి తెలియదు. అప్పుడు సెకన్లు లెక్కపెట్టుకోవడమే.

ఏ వోడ్కా తీసుకోవాలి? ఖరీదైనది కావాలా?

ప్లెయిన్ వోడ్కా ఏదైనా సరే. యాపిల్, నారింజ ఫ్లేవర్ సీసాలు వద్దు, పువ్వుతో గొడవపడతాయి. నిమ్మ, పంచదార, గుడ్డు కలిసే పానీయంలో బాగా ఖరీదైన సీసాకీ మధ్యరకం సీసాకీ తేడా పట్టుకోవడం కష్టం. డబ్బు అక్కడ మిగుల్చుకుని మంచి పూల మీద పెట్టండి. మనదేశంలో తయారయ్యేవి ఎక్కువగా 42.8 శాతం, విదేశీవి ఎక్కువగా 40 శాతం. లెక్క కావాలంటే క్వార్టర్ అంటే 180 మి.లీ., సరిగ్గా మూడు గ్లాసులు. హాఫ్‌లో ఆరు, ఫుల్‌లో పన్నెండున్నర. మూత సీలు, దాని మీద ఎక్సైజ్ లేబులు చూసి లైసెన్సు ఉన్న షాపులోనే కొనండి. లేబులు లేని చవక సరుకులో మిథనాల్ ఉంటే కళ్లు పోతాయి, ప్రాణం కూడా పోతుంది.

తియ్యగా ఉంటుంది కదా, మత్తు తక్కువేనా?

నాలుక మోసపోతుంది, అంతే. 60 మి.లీ. వోడ్కాలో 19 నుంచి 20 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. మామూలు భాషలో ఒక లార్జ్. దాన్ని ఖర్చు చేయడానికి శరీరానికి రెండు మూడు గంటలు పడుతుంది. తీపీ నురగా ఆ ఘాటుని దాచేస్తాయి కాబట్టి షర్బత్‌లా గటగటా తాగేసేవాళ్లే ఎక్కువ. ఒకటితో ఆగగలిగితే ఆగండి. రెండోది కావాలంటే మధ్యలో ఒక పెద్ద గ్లాసు నీళ్లు తాగండి, వోడ్కా 45 మి.లీ.కి తగ్గించి మిగతావీ అదే లెక్కన తగ్గించండి.

## పూల దగ్గర

మన దగ్గర దొరికే పూలలో ఏవి పనికొస్తాయి?

వాసనకి నాటు గులాబీ, మల్లె. రంగుకి శంఖుపువ్వు, ఒంటిరేకు ఎర్ర మందారం. పులుపుకి గోంగూర పువ్వు. పన్నీరు గులాబీ అని కూడా పిలిచే లేతగులాబీ రంగు నాటురకంలో ఉండే వాసన, పొడవాటి కాడతో బొకేల్లో వచ్చే గులాబీలో ఉండదు. ఆ బొకే గులాబీ చూడటానికే. మందారం నుంచి వాసన ఆశించొద్దు, మంచి ఎరుపు ఇస్తుంది, కొంచెం జిగురు కూడా ఇస్తుంది. ఆ జిగురు నురగకి సాయం.

సాయంత్రం బజార్లో మల్లెదండ కొని వాడొచ్చా?

వద్దు. తల్లోకి, దేవుడికి అమ్మే పూలు తినడానికి పండించినవి కావు. మొగ్గ తొలిచే పురుగు రాకుండా మల్లెతోటల్లో మందులు కొడతారు, కోతకి ముందు ఎన్నాళ్లు ఆగాలన్న నియమం పూలకి ఎవరూ పాటించరు. కడిగితే దుమ్ము పోతుంది కానీ మొక్క లోపలికి పీల్చుకున్న మందు పోదు. పైగా వాడిపోకుండా బుట్ట మీద చల్లే నీళ్లు ఎక్కడివో తెలియదు. మైలవరం వైపు తోటల నుంచి వచ్చిన ఎంత మంచి మల్లెలైనా ఇదే మాట. డాబా మీద కుండీలోనో పెరట్లోనో పూసినవి, కనీసం నెల రోజులుగా ఏ మందూ కొట్టనివి మాత్రమే వాడండి. మీకు చెట్టు లేకపోతే చెట్టున్న పక్కింటి పిన్నిగారిని అడగండి, మందు కొట్టారా అని కూడా అడగండి.

ఏ పూలు అస్సలు ముట్టకూడదు?

పూజకు పనికొచ్చినవన్నీ నోటికి పనికిరావు. శివుడికి పెట్టే గన్నేరు, పచ్చగన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు నాలుగూ విషమే. గన్నేరు జాతులు గుండె లయని దెబ్బతీస్తాయి. అడవినాభి, నందివర్ధనం కూడా వద్దు. అసలు ఎక్కువ పొరపాటు జరిగేది రేరాణి దగ్గర. రాత్రి పూట వీధంతా గుప్పుమంటుంది, వాసన చూసి మల్లె చుట్టమే అనుకుంటారు. అది మల్లె కుటుంబం కాదు, విషం. అలంకారానికి గ్లాసు అంచున పెట్టడం కూడా తప్పే, పాలు, పుప్పొడి పానీయంలో పడతాయి. పేరు ఖాయంగా తెలియని పువ్వు ఏదైనా గ్లాసు దగ్గరికి రాకూడదు.

గులాబీ పాకం ఎలా చేయాలి?

నాటు గులాబీ రేకులు 25 గ్రాములు, అంటే రెండు పెద్ద గుప్పెళ్లు. రేకు అడుగున తెల్లటి మొదలు ఉంటుంది, అది చేదు, కత్తెరతో తీసేయండి. 100 మి.లీ. నీళ్లు కాచి, చిన్న బుడగలు మొదలవగానే పొయ్యి కట్టేయండి. రేకులు వేసి మూతపెట్టి 25 నిమిషాలు వదిలేయండి. రేకులు పాలిపోయి నీళ్లు మట్టిరంగులోకి వస్తాయి, కంగారు వద్దు. వడగట్టి 100 గ్రాముల పంచదార కలిపి కరిగించి, ఒక టీస్పూను నిమ్మరసం వేస్తే రంగు ఒక్కసారిగా గులాబీలోకి తిరుగుతుంది. దాదాపు 150 మి.లీ. పాకం వస్తుంది, ఏడు గ్లాసులకి సరిపోతుంది.

రేకులు వేశాక మరిగించారంటే ఆవిరితో పాటు వాసన వంటిల్లంతా తిరుగుతుంది, గిన్నెలో మాత్రం మిగలదు. ఇల్లు ఘుమఘుమలాడుతోందంటే పాకం నష్టపోతోందని అర్థం.

మల్లె పాకం చేస్తే ఉడికిన ఆకుకూర వాసన వస్తోంది, చేదుగా కూడా ఉంది. ఎందుకు?

వేడి తగలడం వల్ల. మల్లెకి పొయ్యి పడదు. గులాబీలా రేకులో దాచుకున్న నూనె దీనికి తక్కువ, విచ్చుకునే రాత్రి గంటల్లోనే వాసన తయారు చేసి గాలిలోకి వదులుతుంది. కాబట్టి పట్టుకోవాల్సింది పువ్వుని కాదు, ఆ రాత్రి వాసనని.

ఒక పద్ధతి: సాయంత్రం కోసిన 30 మొగ్గలు విచ్చుకోవడం మొదలవగానే, 100 గ్రాముల పంచదార ఉన్న డబ్బాలో పల్చటి గుడ్డ పరిచి దాని మీద పెట్టి గట్టిగా మూత బిగించండి. పొద్దున్నే పూలు తీసేయండి. ఇలా రెండు మూడు రాత్రులు కొత్త పూలతో చేస్తే పంచదారకి వాసన పట్టేస్తుంది. కొంచెం చెమ్మగిల్లితే ఫర్వాలేదు. తర్వాత 100 మి.లీ. చల్లటి నీళ్లలో కలుపుతూ కరిగించండి. సమానంగా తీసుకున్న పంచదార కరగడానికి వేడి అక్కర్లేదు, ఐదారు నిమిషాల ఓపిక చాలు.

రెండోది, థాయ్‌లాండ్‌లో మిఠాయిల కోసం చేసేది: కాచి చల్లార్చిన నీళ్ల మీద విచ్చుకుంటున్న 15 పూలు తేలేలా వదిలి, మూతపెట్టి, సూర్యోదయానికి ముందే తీసేయడం. పొద్దెక్కే దాకా ఉంచితే రేకులు గోధుమరంగుకి తిరిగి ఆ కుళ్లు వాసన నీళ్లకి ఎక్కుతుంది.

శంఖుపువ్వుతో నీలం రంగు రావాలి, నాకు ఊదా వచ్చింది. తప్పేం చేశాను?

ఏమీ చేయలేదు. శంఖుపువ్వులోని రంగు పదార్థం మామూలు నీళ్లలో నీలంగా, పులుపు తగిలితే ఊదా, గులాబీ రంగుల్లోకి మారుతుంది. నిమ్మరసం ఉన్న ఏ పానీయంలోనూ అది నీలంగా నిలబడదు. ఎండిన పూలు ఐదు 60 మి.లీ. వోడ్కాలో అరగంట నానబెడితే ముదురు నీలం వస్తుంది. ఎదుటివాళ్ల కళ్ల ముందు రంగు మారాలంటే గుడ్డు మానేసి, ఐసు, నిమ్మరసం, పాకం గ్లాసులో కలిపి ఆ నీలం వోడ్కా చివర్లో పైనుంచి మెల్లగా పోయండి. రుచి మాత్రం దీనికి దాదాపు లేదు, చిక్కుడు ఆకు వాసన లీలగా ఉంటుంది. అందుకని గులాబీ పాకంతో జతచేస్తే మేలు.

గోంగూర పువ్వు వాడొచ్చని విన్నాను, నిజమేనా?

నిజమే. పచ్చడికి పనికొచ్చేది కాక్‌టెయిల్‌కి పనికిరాదా! విదేశాల్లో మందార టీ అని అమ్మేది చాలావరకు ఈ గోంగూర జాతి ఎర్రటి తొడుగులే. ఎర్ర గోంగూరని కోయకుండా వదిలేస్తే చలికాలంలో పూస్తుంది. పువ్వు రాలాక కాయ చుట్టూ మిగిలే ఎర్రటి కండగల తొడుగు కావాలి, లోపలి గింజల కాయ తీసేయాలి. 30 గ్రాముల తొడుగులు 120 మి.లీ. నీళ్లలో ఐదు నిమిషాలు ఉడికించి వడగట్టి 100 గ్రాముల పంచదార కలపండి. ఇది మల్లె కాదు, ఉడికించినా భయం లేదు. పాకమే పుల్లగా ఉంటుంది కనుక నిమ్మరసం 22 నుంచి 12 మి.లీ.కి తగ్గించండి. వాసన తక్కువ కాబట్టి తినే రోజ్ వాటర్ రెండు చుక్కలు వేస్తే పూల సోర్ అనిపించుకుంటుంది.

పూజ సామాన్ల కొట్లో దొరికే పన్నీరు వేయొచ్చా?

అది చల్లడానికి, తాగడానికి కాదు. చర్మానికి రాసుకునే రోజ్ వాటర్ సీసా కూడా అంతే. ఆహారానికి అని లేబులు మీద రాసి, ఆహార లైసెన్సు నంబరు ఉన్నదే తీసుకోండి. మిఠాయి, బిర్యానీ సామాన్లు అమ్మేచోట దొరుకుతుంది. బిర్యానీలో వేసే కేవ్‌డా నీళ్లు, అంటే మన మొగలిపువ్వు నీళ్లు, ఇంకా ఘాటు. రోజ్ వాటర్ అయితే నాలుగైదు చుక్కలు, మొగలి అయితే ఒకటి రెండు. అత్తరు ఏ కొట్లోది అయినా వేయొద్దు.

రూహ్ అఫ్జాతోనో గుల్కంద్‌తోనో పని కానిచ్చేయొచ్చా?

రూహ్ అఫ్జా వేస్తే రూహ్ అఫ్జా సోర్ వస్తుంది, తప్పేమీ లేదు. కానీ చాలా తీపి, పాకంలో సగం, అంటే 12 మి.లీ. చాలు. గుల్కంద్ మాత్రం నిజంగా మంచి దారి. కిళ్లీలో వేసేదే, గులాబీ రేకులూ పంచదారే కాబట్టి రెండు టీస్పూన్లు 15 మి.లీ. గోరువెచ్చటి నీళ్లలో మెదిపి వడగడితే పాకం సిద్ధం. సోంపు, యాలకులు కలిపిన రకమైతే కిళ్లీ వాసన వస్తుంది, లేబులు చూసి కొనండి.

పూలని నేరుగా వోడ్కాలో నానబెడితే?

బాగుంటుంది, కానీ గడియారం చూసుకోవాలి. ఆల్కహాల్ వాసనతో పాటు చేదుని కూడా లాగుతుంది. 200 మి.లీ. వోడ్కాలో ఎండు గులాబీ రేకులు 8 గ్రాములు అయితే 10 నుంచి 12 గంటలు, విచ్చుకున్న మల్లెలు 20 అయితే నాలుగు గంటలు, అంతే. గంటకోసారి చెంచాతో రుచి చూడండి. నాలుక అంచులు పట్టేసినట్టు అనిపించిన క్షణం వడగట్టేయాలి. ‘వారం రోజులు నానబెడితే ఇంకా బాగుంటుంది’ అనేది ఆవకాయకి వర్తిస్తుంది, దీనికి కాదు.

రెసిపీల్లో ఎల్డర్‌ఫ్లవర్ లిక్కర్ అని ఉంటోంది. దానికి బదులు ఏంటి?

యూరప్‌లో పూసే చిన్న తెల్లపూల గుత్తి అది, మన వేడికి పెరగదు. ఆ లిక్కర్ తియ్యగా, లీచీపండు వాసనతో ఉంటుంది. 15 మి.లీ. మల్లె పాకంలో 10 మి.లీ. లీచీ రసం కలిపితే ఆ ఛాయ వస్తుంది. అచ్చం అదే రాదు. రావాల్సిన అవసరమూ లేదు.

## నిమ్మ, పంచదార, గుడ్డు

విదేశీ రెసిపీ ప్రకారం నిమ్మరసం 30 మి.లీ. వేస్తే నోరు పట్టేసింది. ఎందుకు?

వాళ్లు చెప్పేది పెద్ద పసుపు లెమన్ గురించి. తెనాలి మార్కెట్‌కి వచ్చే మన గుండ్రటి నిమ్మ వేరే జాతి, పులుపు పదునుగా ఉంటుంది, తొక్క వాసనలో చేదు ఎక్కువ. అందుకే 22 మి.లీ. దగ్గర ఆగాలి. ఒక్కో కాయకి 10 నుంచి 15 మి.లీ. రసం వస్తుంది, గ్లాసుకి రెండు కాయలు పట్టుకోండి. బల్ల మీద అరచేత్తో దొర్లించి, అడ్డంగా కోసి, మెల్లగా పిండండి. ఆఖరి చుక్క దాకా నలిపితే తొక్కలోని నూనె, గింజల చేదు దిగుతాయి. పొద్దున పిండిన రసం రాత్రికి పనికొస్తుంది, నిన్నటిది పనికిరాదు. సీసాల్లో అమ్మే నిమ్మరసం సంగతి ఎత్తొద్దు.

పాకం ఎందుకు, పంచదార నేరుగా వేసి ఊపితే కరగదా?

కరగదు. చల్లటి ద్రవంలో, అందులోనూ ఆల్కహాల్ ఉన్నప్పుడు పంచదార చాలా నెమ్మదిగా కరుగుతుంది. సగం గింజలు అడుగునే ఉండిపోతాయి. మొదటి గుక్క పులుపు, చివరి గుక్క జిలేబీ.

పచ్చి గుడ్డు తాగడం ప్రమాదం కాదా? వోడ్కా క్రిముల్ని చంపేస్తుందిగా?

చంపదు. కలిపాక పానీయంలో ఆల్కహాల్ 16 శాతం దగ్గర ఉంటుంది, రెండు నిమిషాల్లో తాగేస్తాం, సాల్మొనెల్లాకి అది సరిపోదు. ప్రమాదం తక్కువే అయినా ఉంది. పగుళ్లు లేని, ఫ్రిజ్‌లో పెట్టిన తాజా గుడ్డు తీసుకోండి. నీళ్లలో వేస్తే అడుగున పడుకోవాలి, నిలబడితే పాతది, తేలితే పారేయండి. పెంకు పైభాగం కడిగి, తుడిచి, ఆరాక పగలగొట్టండి. వయసు మళ్లినవాళ్లు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు పచ్చి గుడ్డు జోలికి పోవద్దు. ఒక గుడ్డు తెల్లసొన సుమారు 30 మి.లీ., రెండు గ్లాసులకి వస్తుంది.

మేం గుడ్డు తినం. నురగ లేకుండా తాగాల్సిందేనా?

కాబూలీ శనగలు ఉడికించిన నీళ్లు ఉన్నాయిగా. 100 గ్రాముల శనగలు ఎనిమిది గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, 300 మి.లీ. కొత్త నీళ్లలో ఉప్పు వేయకుండా కుక్కర్‌లో మెత్తగా ఉడికించండి. శనగల్ని అందులోనే చల్లారనిచ్చి, రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి వడగట్టండి. వేళ్ల మధ్య తెల్లసొనలా జిగురుగా సాగాలి. పల్చగా ఉంటే సన్న సెగ మీద కొంచెం ఇగర్చండి. గ్లాసుకి 25 మి.లీ. గింజ వాసన ఊపకముందు తెలుస్తుంది, నిమ్మ పడ్డాక తెలియదు. ఫ్రిజ్‌లో నాలుగు రోజులు ఉంటుంది, ఐసు ట్రేలో గడ్డకట్టిస్తే ఇంకా చాలాకాలం ఉంటుంది. శనగలు ఎలాగూ కూరకి పోతాయి.

నీచు వాసన వస్తోంది, ఎలా పోగొట్టాలి?

మూడు కారణాలు ఉంటాయి: గుడ్డు పాతది, తెల్లసొన ఎక్కువైంది, లేదా గ్లాసు చాలాసేపు పక్కన ఉండిపోయింది. 15 మి.లీ. దాటనివ్వకండి. వడగట్టాక నురగ మీద నిమ్మతొక్క ఆకుపచ్చ పొరని సన్నగా తురమండి, లేదా రోజ్ వాటర్ రెండు చుక్కలు చిలకరించండి. ముక్కుకి ముందు తగిలేది నురగే కాబట్టి విరుగుడు అక్కడే వేయాలి. తడి గ్లాసుల్ని గుడ్డు పగలగొట్టిన చేత్తో పట్టుకోవడం కూడా ఒక దొంగ కారణం.

## ఊపేటప్పుడు

రెండుసార్లు ఊపడం ఎందుకు? ఒకేసారి ఐసు వేసి ఊపకూడదా?

ఊపొచ్చు, నురగ పల్చగా వస్తుంది. చల్లబడితే తెల్లసొన బిగుసుకుని గాలిని సరిగ్గా పట్టుకోదు. గది వేడిలో ముందు ఊపితే బుడగలు కడతాయి. తర్వాత ఐసు చల్లబరుస్తుంది, నీరు కలుపుతుంది. చేతులు నొప్పి అనుకుంటే మొదటి విడత గిన్నెలో మజ్జిగ కవ్వంతో అర నిమిషం చిలకండి. షేకర్ కంటే బాగానే వస్తుంది. మిక్సీ అయితే ఐసు లేకుండా చిన్న జార్‌లో రెండు మూడు పల్స్‌లు చాలు, మసాలా వాసన లేని జార్ అయితేనే.

ఊపుతుంటే మూత ఎగిరి గోడంతా అయింది. ఏం పొరపాటు?

ఐసు లేని విడతలో అది సహజం. ఐసు ఉంటే లోపలి గాలి చల్లబడి కుదించుకుని మూతని లోపలికి లాక్కుంటుంది. ఐసు లేకపోతే నురగ పెరిగి మూతని బయటికి తోస్తుంది. ఒక చెయ్యి మూత మీద, ఒకటి అడుగున పెట్టి ఊపండి. ఐదు సెకన్లకోసారి కొంచెం వదులు చేసి గాలి వదలండి.

ఎంత ఊపినా నురగ రావట్లేదు.

ముందు గిన్నె చూడండి. నూనె జిడ్డు ఒక్క బొట్టున్నా, పచ్చసొన చిన్న చార పడినా నురగ నిలవదు. నిమ్మరసం కొద్ది చుక్కలతో తుడిచి కడిగి మళ్లీ మొదలుపెట్టండి. పాకం మరీ తగ్గించినా బుడగలు త్వరగా పగులుతాయి, తీపి నురగకి కట్టులాంటిది. ఇవేవీ కాకపోతే తక్కువసేపు ఊపి ఉంటారు. 20 సెకన్లు అనుకున్నదానికంటే పొడుగు. నురగ బదులు తెల్లటి దారాలు కనిపిస్తే మాత్రం కథ వేరు: తెల్లసొననీ నిమ్మరసాన్నీ కలిపి పక్కన పెట్టి ఫోన్ మాట్లాడొచ్చారు, పులుపుకి అది విరిగింది. అన్నీ సిద్ధం చేసుకుని గుడ్డు ఆఖరున వేయాలి.

వేసవిలో ఐసు క్షణంలో కరిగి నీళ్లలా అయిపోతోంది.

రోహిణి కార్తెలో మన వంటిల్లు 40 డిగ్రీల దగ్గర ఉంటుంది, ఫ్రిజ్ బయట పెట్టిన చిన్న ఐసు ముక్క ఊపకముందే సగం నీళ్లు. పెద్ద ముక్కలు కావాలి. స్టీలు గిన్నెలో కాచి చల్లార్చిన నీళ్లు పోసి రాత్రంతా గడ్డకట్టించి, గుడ్డలో చుట్టి చపాతీ కర్రతో నాలుగైదు ముక్కలుగా పగలగొట్టండి. వోడ్కా సీసా, గ్లాసు, ఊపే సీసా మూడూ అరగంట ముందే ఫ్రీజర్‌లో పెట్టండి, వోడ్కా గడ్డకట్టదు. ఐసు వేశాక 10 సెకన్లే ఊపండి. ఐసు డబ్బాకి మూత ఉండాలి, లేదంటే పక్కనున్న చేపల వాసన మల్లెని ఓడిస్తుంది. ఐసు ఫ్యాక్టరీ దిమ్మలు చేపల పెట్టెలకి, తాగడానికి కాదు.

## రుచి తేడా వస్తే

పూల వాసనే తెలియట్లేదు. ఇంకా పాకం పోయాలా?

పోస్తే తీపి పెరుగుతుంది, వాసన కాదు. చల్లదనం వాసనని అణిచేస్తుంది, కాబట్టి గ్లాసులో పడ్డాక ఒక నిమిషం ఆగి చూడండి. అప్పటికీ లేకపోతే నురగ మీద రోజ్ వాటర్ రెండు చుక్కలు, లేదా మందు కొట్టని ఇంటి మల్లె ఒకటి తేల్చండి. ముక్కుకి అందితే నాలుకకి కూడా తెలిసినట్టే అనిపిస్తుంది.

సబ్బు తాగినట్టుంది!

పువ్వు ఎక్కువైంది. గులాబీ, మొగలి రెండూ ఒక గీత దాటితే అత్తరు, సబ్బు గుర్తుకొస్తాయి. ఆ గ్లాసుని బాగు చేయాలంటే నిమ్మరసం ఒక టీస్పూను, ఉప్పు చిటికెలో సగం వేసి మళ్లీ ఊపండి. వచ్చేసారికి పూలు వేయని సాదా పంచదార పాకం సగం, పూల పాకం సగం కలిపి వాడండి.

పులుపు ఎక్కువైతే? తీపి ఎక్కువైతే?

పులుపుకి సగం టీస్పూను పాకం, తీపికి సగం టీస్పూను నిమ్మరసం. ఒక్కసారే పోసేయకుండా సగం సగం వేస్తూ రుచి చూడండి. కాయ ఏ కాలానిది అన్నదాన్ని బట్టి పులుపు మారుతుంది, అందుకే కొలత ఉన్నా నాలుక చివరి మాట చెప్పాలి.

గుంటూరు కదా, మిర్చి వేయకూడదా?

వేయొచ్చు, కానీ పూలతో వద్దు. కారం తగిలిన నాలుకకి మల్లె, గులాబీ లాంటి సున్నితమైన వాసన పట్టదు. మిర్చి మీద మనసు లాగితే జామకాయ రసంతో వేరే సోర్ చేసుకుని దాని అంచుకి ఉప్పూకారం అద్దండి.

## వడ్డించడం, దాచడం

ఎనిమిది మందికి ఒకేసారి చేయాలి. ముందే కలిపి ఉంచొచ్చా?

వోడ్కా 480 మి.లీ., పాకం 175 మి.లీ. కలిపి పొద్దునే ఫ్రిజ్‌లో పెట్టండి. నిమ్మరసం 175 మి.లీ. జనం వచ్చే గంటా రెండు గంటల ముందు పిండి కలపండి. నిమ్మకాయలు పదిహేను, పదహారు పడతాయి. తెల్లసొన మాత్రం ఊపే ముందే. ఒక్కో విడతకి రెండు గ్లాసులు, కలిపిన ద్రవం 210 మి.లీ., ఒక గుడ్డు తెల్లసొన. అంతకంటే ఎక్కువ పోస్తే గాలి ఆడే చోటు ఉండదు, నురగ రాదు.

పూల పాకం ఎన్నాళ్లు నిలవ ఉంటుంది?

మరగబెట్టి ఆరబెట్టిన సీసాలో, ఫ్రిజ్‌లో, గులాబీ పాకం రెండు వారాలు. చల్లటి పద్ధతిలో చేసిన మల్లె పాకం ఐదారు రోజులే, అది కూడా రోజురోజుకీ వాసన తగ్గుతుంది. మసకబారినా, బుడగలు వచ్చినా, పులిసిన వాసన వచ్చినా పారేయండి. తడి చెంచా పెడితే ఊరగాయకి ఏమవుతుందో దీనికీ అదే అవుతుంది.

దీంతో ఏం తినాలి?

ఉడికించిన వేరుశనగలు, ఉప్పు జీడిపప్పు, కీరా ముక్కలు, పనీర్. మిరపకాయ బజ్జీ, అల్లం చట్నీ తర్వాతి సంగతి. ఖాళీ కడుపుతో మాత్రం మొదలుపెట్టకండి.

తాగనివాళ్లకి ఇదే రుచిలో ఏదైనా?

చల్లార్చిన పల్చటి గ్రీన్ టీ 60 మి.లీ., నిమ్మరసం 20, పూల పాకం 22, శనగ నీళ్లు 25. అలాగే రెండు విడతలు ఊపి, పైన కొంచెం సోడా. టీలోని వగరు వోడ్కా ఘాటు ఉండాల్సిన చోటు నింపుతుంది. గర్భిణులకి మద్యం ఎంత తక్కువైనా వద్దు.

ఒక్క గ్లాసేగా, బండి మీద వెళ్లొచ్చా?

వద్దు. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. ఆల్కహాల్ దాటితే నేరం. ఒక గ్లాసుతో చాలామంది ఆ గీత దాటొచ్చు, బరువు తక్కువున్నవాళ్లు ఇంకా త్వరగా. మెట్రోనిడజోల్ మందు వాడుతున్నవాళ్లు, నిద్రమాత్రలు వేసుకునేవాళ్లు, కాలేయం జబ్బు ఉన్నవాళ్లు ఈ గ్లాసు అసలు పట్టుకోకూడదు. షుగరు ఉన్నవాళ్లు డాక్టరుని అడగాలి. ఒక్క గ్లాసు పాకంలోనే సుమారు 14 గ్రాముల పంచదార ఉంటుంది.